ఆరో సంచి ఆకు

ఫిబ్రవరి 5

ఒరే తమ్ముడూ,

నీ అయిదు సంచులూ చేరాయి. అయిదో సంచి అడుగున నీ ఉత్తరమూ చేరింది. ఆకు పొడి దులిపి చదివేసరికి పాతిక తుమ్ములొచ్చాయి, ఇకమీదట ఉత్తరం పైన పెట్టు. మీ కొండవాలుకి ఫోన్ సిగ్నల్ రాదని నాకేం దిగులు లేదు. వచ్చిన రోజుల్లో మాత్రం మనం ఏం మాట్లాడుకున్నాం? రెండో నిమిషానికి నువ్వు అరవడం, మూడో నిమిషానికి నేను పెట్టేయడం. కాగితం మీదైతే నిన్ను చివరిదాకా తిట్టొచ్చు. మోసుకెళ్లడానికి లారీ ఈలబాబాయి ఉండనే ఉన్నాడు, సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి.

మన ఆకుని ఆ ల్యాబులో ఏం చేస్తారని మరదలు అడిగిందన్నావు. చదివి వినిపించు. మీరు నీడన ఎండబెట్టి పంపే సరస్వతి ఆకుని మేం పొడి కొట్టి, జల్లెడ పట్టి, స్పిరిట్టూ నీళ్లూ కలిపి, మూత బిగించిన పాత్రలో పోసి మైక్రోవేవ్‌లో పెడతాం. ఇది వంటింట్లో ఉండే పెట్టె కాదు, ఈ పని కోసమే చేసినది. మామూలుగా ఒక రోజంతా నానబెడితే గానీ దిగని సారం ఇందులో నాలుగు నిమిషాల్లో దిగుతుంది. ఆకులోని తడి లోపల్నుంచే మరిగి, గోడలు పగలగొట్టుకుని బయటికొస్తుందన్నమాట. వడకట్టి, స్పిరిట్టు ఎగరగొడితే ముదురాకుపచ్చ పాకం మిగులుతుంది. అందులో యాంటీఆక్సిడెంట్లు, అంటే ఒంటికి తుప్పు పట్టకుండా అడ్డుపడే పదార్థాలు, ఎన్ని ఉన్నాయో తేల్చడం నా పని. ఊదారంగు ద్రావణంలో ఒక చుక్క వేస్తాను. సారంలో బలముంటే ఊదా విరిగి పసుపు తేలుతుంది. నీ అయిదు సంచులకీ నూటికి యాభై, యాభై రెండు వచ్చాయి. ఫర్వాలేదు, నీ బడి మార్కులకన్నా నయమే.

మార్చి నెలాఖరుకి మా డైరెక్టరమ్మ నివేదిక ఇవ్వమంది. ఈ సారంతో మందు తయారుచేద్దామని ఒక కంపెనీ కాచుకుని కూర్చుంది. ఆరో సంచి ఆలస్యం చేయకు.

మరదల్ని బరువులు ఎత్తనివ్వకు.

నీ అక్క


ఫిబ్రవరి 12

అక్కకి,

తుమ్ములకి నా పూచీ లేదు.

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. "ఒక రోజు పని నాలుగు నిమిషాల్లో అయిపోతుందా? అయితే మా ఆయన్ని కూడా ఓసారి ఆ పెట్టెలో కూర్చోబెట్టమని రాయండి వదినకి" అంది. పెళ్లయిన నాలుగేళ్లకి నోరు బాగా లేచింది. అయిదో నెల కదా, ఏమన్నా పడాల్సిందే.

ఆరో సంచి పంపుతున్నాను. ఆకు కాస్త చిన్నది, రంగు ముదురు. అంచులు అక్కడక్కడ కమిలినట్టు ఉంటాయి. ఈసారి ఎండలు అలా ఉన్నాయి మరి. చూసీ చూడనట్టు తీసుకో. కోతంతా తనే చేసింది. వద్దంటే వినదు. కోస్తూ కోస్తూ నాలుగాకులు నోట్లో వేసుకుంటుంది. పుట్టే బిడ్డకి జ్ఞాపకశక్తి బాగుండాలట. తండ్రి పోలిక వస్తుందేమోనని ముందు జాగ్రత్త.

ఇంకేం రాయను, ఈలబాబాయి కిందనుంచి ఈల మీద ఈల వేస్తున్నాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరే బంగారూ,

తొంభై ఒకటి!

చుక్క పడీ పడగానే పసుపు తేలింది. నా కళ్లని నేనే నమ్మలేదు. పాత్రలన్నీ కడిగి మళ్లీ చేశాను. తొంభై. మర్నాడు ఇంకోసారి చేశాను. మళ్లీ తొంభై ఒకటి. ఈ ఆకు మీద ఇంత అంకె నేను పరిశోధన పత్రాల్లో కూడా చూడలేదు. డైరెక్టరమ్మ నా బల్ల దగ్గరికి తనే నడిచి వచ్చింది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇది రెండోసారి. మొదటిసారి కత్తెర కోసం వచ్చింది.

కంపెనీ వాళ్లకి అప్పుడే కబురు వెళ్లింది. నివేదికలో మొదటి పేజీలోనే 'ఆరో సంచి' అని రాయమన్నారు. కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. అచ్చంగా ఆ మడిలోదే, ఆ వరసలోదే ఇంకో రెండు సంచులు కావాలి. అది ఏ మడి, నీళ్లు ఎక్కడివి, ఎరువు ఏమిటి, అన్నీ రాసి పంపు.

చూశావా, చిన్నప్పుడు నువ్వు దేనికీ పనికిరావని అన్నందుకు ఇప్పుడు లెంపలేసుకుంటున్నాను.

నీ అక్క


మార్చి 5

అక్కకి,

పై మడే. ఎప్పుడూ కోసేదే. నీళ్లు ఊటనీళ్లే, ఎరువు పేడే. ఇందులో రాసేదేముంది? ఏడు, ఎనిమిది సంచులు పంపుతున్నాను.

మీ మరదలికి ఒంట్లో బాగుండటం లేదు. పొద్దున్నే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. రెండు రోజులకోసారి కూడా కడుపు కదలడం లేదు. నోట్లో చిల్లర నాణేలు పెట్టుకున్నట్టు రుచి అంటోంది, తిండి సహించడం లేదు. నర్సమ్మ వచ్చి చూసి, రక్తం తక్కువగా ఉంది, కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అని మాత్రలిచ్చి వెళ్లింది. మామూలే అయితే సరే.

ఇక్కడ ఎగువన కొత్తగా షెడ్డు ఒకటి వెలిసింది. పగలంతా పొగ. మొన్న ఆ షెడ్డు కుక్క మా గుమ్మం ముందు గిరగిరా తిరిగి తిరిగి పడిపోయింది. పిచ్చి పట్టిందనుకుని అందరం తలుపులు వేసుకున్నాం. సాయంత్రానికి చచ్చిపోయింది. మీ మరదలు ఆ రోజంతా అదే తలుచుకుంటూ కూర్చుంది.

తమ్ముడు


మార్చి 12

తమ్ముడికి,

ఏడు, ఎనిమిది సంచులకి కూడా తొంభై దాటింది. ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం మనసులో ఏదో కొడుతోంది. జనవరిలో ఇదే పై మడి ఆకుకి యాభై రెండు వచ్చింది. నెల తిరక్కుండా అదే మొక్క, అదే నీళ్లతో తొంభైకి ఎలా ఎక్కింది? నిజంగా పై మడిదేనా? పోనీ ఇంకెవరి దగ్గరైనా కొని కలిపావా? ఉన్నది ఉన్నట్టు చెప్పు, నేనేం అనను.

మరదలి సంగతి చదివాను. అమ్మ నిన్ను మోసినప్పుడు ఆరో నెలంతా నోరు బాగాలేదని గిన్నెలు ఎత్తేసేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఇంకా గుర్తే. గడిచిపోతుందని చెప్పు. తన కోసం తిరిగి పంపుతున్న ఖాళీ సంచుల మధ్య ఒకటి పెట్టాను, వెతుక్కోమను. మా డైరెక్టరమ్మ కూడా ఆ సారం రోజూ తీసుకుంటోంది. ఈమధ్య ముఖం కళగా ఉందని అందరూ అంటున్నారు.

నీ అక్క


మార్చి 19

అక్కకి,

ఆకు కలిపి అమ్మే దొంగనని రాశావు. చాలా సంతోషం.

పొద్దున్నే వంగి కోసేది మేం. చేతులు పగిలేది మాకు. నువ్వు కుర్చీలో కూర్చుని రంగు చూసి మా నిజాయితీకి మార్కులేస్తావు. తక్కువొస్తే బడి మార్కులంటావు, ఎక్కువొస్తే దొంగతనమంటావు. బయటివాడు అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తొమ్మిదో సంచి పంపుతున్నాను, ఇష్టమైతే తీసుకో.

నిన్న తన చేతిలోంచి కొడవలి జారి పాదం పక్కన పడింది. చేతులు వణుకుతున్నాయి. నీకు చెప్పడమెందుకు, గడిచిపోతుందంటావు.

ఇట్లు,
పై మడి రైతు


మార్చి 24

తమ్ముడూ,

కోపం తర్వాత. కూర్చుని ఇది రెండుసార్లు చదువు.

ఆ ఆకు ఎవరూ ముట్టుకోవద్దు. నమలొద్దు, కాచుకుని తాగొద్దు. ఎండబెట్టినదంతా మూటగట్టి దూరంగా పెట్టండి. నేను పెట్టిన సారం బయట పారబోయకుండా అలాగే మూత బిగించి ఉంచు. మరదల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తంలో సీసం ఎంత ఉందో చూడమను. లోహం, సీసం. తూటాల్లో, బ్యాటరీల్లో, పాత నీటి గొట్టాల్లో ఉండేది.

నీ మీద అనుమానంతో కాదురా, నా మీద అనుమానంతో మొదలుపెట్టాను. మెషీన్ తప్పేమో అనుకున్నాను, పాత్ర అడుగున ఏదైనా మిగిలిందేమో అనుకున్నాను. అన్నీ చూశాను, తప్పు దొరకలేదు. పక్క ల్యాబులో లోహాలు కొలిచే ఆయన్ని బతిమాలి, ఆరు, ఏడు, ఎనిమిది సంచుల పొడి ఇచ్చాను. ఇవాళ పొద్దున కాగితం చేతికిచ్చి, "అమ్మా, దీన్ని ఎవరైనా తింటున్నారా?" అని అడిగాడు.

మొక్కకి విషం సోకితే అది ఊరుకోదు. చావకుండా ఉండటానికి తన ఒంట్లోని రక్షణ పదార్థాలన్నీ పెంచుకుంటుంది. మేం కొలిచేది ఆ పదార్థాలనే. ఆకు చిన్నది, రంగు ముదురు, అంచులు కమిలాయని నువ్వు మొదటి రోజే రాశావు. అది ప్రాణం మీదికొచ్చిన మొక్క. దాని పెనుగులాటకి నేను తొంభై ఒక్క మార్కులు వేసి గంతులేశాను.

ఇవాళ్టి లారీ బయల్దేరిపోయింది, ఈ ఉత్తరం గురువారం లారీకి గానీ నీకు చేరదు. అందుకే ఇప్పుడే దారిలో ఉన్న ఈలబాబాయికి ఫోన్ చేసి ముక్తసరిగా చెప్పాను. ఇంజన్ చప్పుడులో సరిగ్గా వినపడలేదన్నాడు, మళ్లీ మళ్లీ అరిచి చెప్పాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది.

కడుపుతో ఉన్న మనిషికి పరీక్ష పూర్తికాని సారం పంపడం నా తప్పు. తెలిసి తెలిసి చేశాను, అంకె చూసి కళ్లు నెత్తికెక్కి చేశాను.

అక్క


మార్చి 26

అక్కయ్యకి,

నా నోటికి తాళం లేదు, పోయిన ఉత్తరం చించెయ్యి.

సోమవారం ఈలబాబాయి లారీ దిగుతూనే, "మీ అక్కయ్య ఫోన్ చేసిందోయ్. సీసా ఉందట ఆకులో. మరదలికి త్వరగా చూపించమంది. మూడుసార్లు చెప్పింది" అన్నాడు. సీసా ఏమిటా అని తల బద్దలు కొట్టుకుంటే, అప్పుడు గుర్తొచ్చింది, ఖాళీ సంచుల మధ్య ఒకటి పెట్టానని నువ్వు రాసిన మాట. కోపంలో ఆ సంచులు దులపనైనా లేదు. మూలనుంచి లాగి చూస్తే దొరికింది. 'మరదలికి, పూటకో చెంచా' అని నీ చేతి రాత. నేను నిన్ను నానా మాటలూ అంటే నువ్వు తన కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తున్నావా అని సిగ్గేసింది.

ఆ రాత్రినుంచే మొదలుపెట్టాం. చేదు విషం అని ముఖం ముడుచుకుంటుంది, అయినా వదిన పంపిందని కళ్లు మూసుకుని మింగుతోంది. నొప్పి ఇంకా తగ్గలేదు. నిన్న రెండుసార్లు వాంతయింది. మందు పనిచేసే ముందు అలాగే ఉంటుందేమో కదా.

నీ మనసు ఇంత మంచిదని తెలిశాక దాచడం న్యాయం కాదు. పై మడి జనవరిలోనే ఎండిపోయింది. ఊట ఆగిపోయింది, తాగడానికీ కాలువ నీళ్లే. ఆ సంగతి చెబితే మీ ల్యాబు ఇంకో తోట చూసుకుంటుందని భయపడ్డాను. ఆరో సంచి నుంచీ అంతా కాలువ గట్టు మీద దానంతట అది పెరిగిన ఆకు. కోసి, అదే కాలువలో కడిగి పంపాం. గట్టు షెడ్డు వాళ్లది, అయినా వాళ్లు ఏమీ అనలేదు. వాళ్లకి ఆకుతో పనేముంది, పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించుకుంటారు. ఆకు ఆకే కదా అనుకున్నాను. తప్పేనా?

తమ్ముడు


మార్చి 28
ఆసుపత్రి, వార్డు బయట బెంచీ

తమ్ముడూ,

గురువారం నా ఉత్తరం చదివి తనని అదే లారీలో ఇక్కడికి తెచ్చావని ఈలబాబాయి చెప్పాడు. లోపలికి రావద్దని నర్సుతో చెప్పించావు. ఫోన్ ఎత్తనన్నావు. అందుకే ఇది రాసి నర్సుకే ఇస్తున్నాను. చించేసినా సరే, ముందు చదివి చించు.

నీ ఇరవయ్యారో తేదీ ఉత్తరం ఇవాళ పొద్దున ల్యాబు గుమ్మంలో నిలబడి చదివాను. సీసా అన్న చోట ఆగిపోయాను. నేను అరిచింది సీసం అని. ఆకులో సీసం ఉంది, మరదల్ని త్వరగా డాక్టరుకి చూపించమని. ఇంజన్ చప్పుడులో ఆయన చెవికి సీసా అని పడింది. ఆయన్ని ఏమీ అనకు. పొద్దున నా దగ్గర కూర్చుని, ఆ ముసలాయన ఈల వేసే నోటితోనే ఏడ్చాడు.

మూడు రోజులు. పూటకో చెంచా. నా చేతి రాత చూసి మింగింది.

పెద్ద డాక్టర్ని గది బయట పట్టుకుని అడిగాను. రక్తంలో సీసం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉందన్నారు. చిగుళ్ల మీద నీలపు గీత కూడా చూశారట. అయితే అదంతా సీసా వల్ల కాదని, నెలల తరబడి నమిలిన ఆకూ కాలువ నీళ్లూ కారణమని అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారేమో తెలీదు. నువ్వు దాన్ని పట్టుకుని నన్ను క్షమించాలని రాయడం లేదు. నీ కాలువ నీకు గుర్తుంటుంది, నా సీసా నాకు గుర్తుంటుంది.

ల్యాబులో కాగితాలన్నీ డైరెక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, "లోహాల పరీక్ష నిన్ను ఎవరు చేయమన్నారు?" అంది. మధ్యాహ్నం చూస్తే ఆవిడ రోజూ తాగే సీసా మాత్రం చెత్తబుట్టలో ఉంది. నివేదికలో మొదటి పేజీ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. పిలిస్తే వస్తాను.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నువ్వు బెంచీ మీద చీకటిపడేదాకా కూర్చున్నావని నర్సు చెప్పింది. ఎన్నోసార్లు లేచి తలుపు దాకా వచ్చాను. నీ గొంతు వింటే నేనేం అంటానో నాకే తెలియక వెనక్కి వెళ్లిపోయాను.

నిన్న తనని పంపించారు. కాలువ ఊసు లేని చోట, తన పెద్దమ్మ ఇంట్లో దింపాను. రక్తంలో సీసం తగ్గుతోంది, ఇంకా చాలా తగ్గాలి. నొప్పి సగానికి వచ్చింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. నాకూ వినిపించారు, గుర్రం పరిగెత్తినట్టుంది. అంతా బాగుంటుందా అని అడిగితే డాక్టరు, "పుట్టాక గానీ చెప్పలేం. పుట్టాక కూడా వెంటనే చెప్పలేం" అన్నాడు. ఆ మాట తనకి చెప్పలేదు. ఇంకో అబద్ధం. అలవాటైపోయింది.

నీ గురించి అడిగింది. "వదిన మీద కోపమా?" అంటే, "మీ ఇద్దరి మీదా ఉంది. పడుకోనివ్వండి" అంది.

ఇవాళ గట్టు మీద ఆకంతా పీకేద్దామని పలుగు పట్టుకుని వెళ్లాను. అక్కడ ముందే ఒక వ్యాను ఆగి ఉంది. చొక్కా మడత నలగని మనిషి ఒకడు గట్టు కొలుస్తున్నాడు. ఎవరని అడిగితే మందుల కంపెనీ అన్నాడు. షెడ్డు వాళ్లతో మాటయిపోయిందట, గట్టంతా వాళ్లకే ఇచ్చారట. "ఈ ఆకు విషం. మా ఇంటిదాన్ని ఆసుపత్రి నుంచి నిన్ననే తెచ్చాను" అన్నాను. వాడు నవ్వి, "ఆకులో ఏముందో మాకు తెలుసు" అని కాగితం తీసి చూపించాడు. ఆరో సంచి, తొంభై ఒకటి, కింద 7, 8 సంచుల అంకెలు. నీ చేతి రాత, అక్కా. నీ ఏడు అంకెకి అడ్డగీత ఉంటుంది, నేను పోల్చుకోలేనా? "ఈ చోటు మీకెవరు చెప్పారు?" అంటే, "రాసినావిడే" అన్నాడు.

నా పలుగు లాక్కుని నన్ను గట్టు దించేశారు. గురువారం పొద్దున ఎనిమిదింటికి కోత మొదలట. ఇరవై మంది ఆడవాళ్లని కూలికి మాట్లాడారు. అందరూ మాకు తెలిసినవాళ్లే. విషమని చెబితే, "నువ్వు నెలంతా అమ్ముకున్నప్పుడు విషం కాలేదా?" అన్నారు.

ఒక్కటే అడుగుతున్నాను. వాళ్లని నువ్వు పంపావా?

తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

నేను పంపలేదు.

చేతి రాత నాదే. అది నా నోటుపుస్తకంలో పేజీ. నువ్వు 'కాలువ గట్టు' అని రాసిన ఉత్తరం అందిన రోజునే, ఏ సంచి ఎక్కడిదో అంకెల పక్కన రాసిపెట్టాను. దాచకూడదని రాశాను. మర్నాడు సొరుగు తీస్తే పుస్తకం లేదు. డైరెక్టరమ్మని అడిగితే, "సీసం తీసేసే ఉపాయం కంపెనీ వాళ్లు చూసుకుంటారు. నీ పని బలం కొలవడం వరకే" అంది. అలా తీసేసే ఉపాయం వాళ్ల దగ్గర ఉందా అన్నాను. "కనుక్కుంటారు" అంది. ఆవిడ ముఖంలోకి చూశాను, ఆవిడ కిటికీలోకి చూసింది.

లోహాల కాగితం నకళ్లు రెండు తీసి ఆరోగ్య అధికారి ఆఫీసులో ఒకటి, మీ జిల్లా పెద్ద ఆఫీసులో ఒకటి ఇచ్చాను. మొదటి చోట తీసుకుని కట్ట అడుగున పెట్టారు. రెండో చోట గుమస్తా అంతా చదివి, "గురువారం నాటికి ఎవరినైనా పంపగలనేమో చూస్తాను, మాటివ్వలేను" అన్నాడు. ల్యాబుకి రేపటినుంచి రావద్దని నాకు కాగితం ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను.

నువ్వు చెబితే ఆ ఆడవాళ్లు వినలేదు, నిజమే. అమ్మినవాడి మాట ఎవరు వింటారు? కొలిచినదాని మాట వింటారేమో చూద్దాం. డాక్టరు దగ్గర మరదలి రక్తం లెక్క రాయించుకున్నాను. తన అనుమతి నేనే వెళ్లి అడిగాను. తలుపు తీసి, "అందరికీ చూపించండి వదినా" అంది. నన్ను లోపలికి మాత్రం పిలవలేదు.

ఈ ఉత్తరం ఇంకెవరి చేతికీ ఇవ్వను. రేపు లారీలో ఈలబాబాయి పక్కన కూర్చుని నేనే తెస్తున్నాను. నా ఎదురుగా చదువు, అనాల్సింది నా ముఖం మీదే అను. అదంతా గట్టు మీదికి నడుస్తూనే కానిద్దాం, నిలబడి పోట్లాడుకునే వేళ ఉండదు. లారీ ఆరింటికి బయల్దేరుతుంది. కోత ఎనిమిదింటికన్నావు. దారి రెండున్నర గంటలని ఈలబాబాయి అంటున్నాడు. రెండు గంటల్లో చేర్చమన్నాను.

అక్క